రాతి మీద లేని బాణం

బాణం వేసేవాడికి బాణంతో పని లేదు, దారి వాడికి తెలుసు కనక. అందుకే బాణం బాగుందో లేదో వాణ్ణి అడక్కూడదు, దారి తెలియనివాణ్ణి అడగాలి. ఇది పెద్దాయన సిద్ధాంతం. ఆ చిన్న రేవు పట్నంలో షాపుల మీద బోర్డులు, పడవల మీద పేర్లు చాలావరకు ఆయన చేతివే. అయినా ఆయన్ని ఎవరూ పెయింటరనరు, బాణాలాయన అంటారు. సముద్రపు ఒడ్డు పట్టుకుని, గొర్రెలు మేసే పచ్చికలు దాటి, తోటల పక్కనుంచి లైట్‌హౌస్ దాకా వెళ్ళే నడకదారి ఒకటుంది. దాని పొడవునా కంచె గుంజల మీద, గోడల మీద, రాళ్ళ మీద కనిపించే పసుపు బాణాలన్నీ ఆయన పోషణలో ఉన్నవే. సెలవు రోజున పొద్దున్నే బస్సు దిగిన జనం ఆ బాణాలు పట్టుకుని పోయి, సాయంత్రానికి కాళ్ళు పీకుతున్నాయని మూలుగుతూ, మొహాలు మాత్రం కళకళలాడుతూ తిరిగొస్తారు. వాళ్ళలో ఒక్కరు దారి తప్పారని తెలిసినా ఆ రాత్రి పెద్దాయనకు ముద్ద దిగదు.

ఏటా చలి తగ్గి జనం రాకపోకలు మొదలయ్యే ముందు, ఒక ఆదివారం బాణాలకు పరీక్ష జరుగుతుంది. ఆ దారి ఎన్నడూ తొక్కని మనిషినొకణ్ణి పట్టుకొస్తారు. ఆ రోజుకి అతని పేరు కొత్త మనిషి. చేతిలో సుద్దముక్క పెట్టి ఒంటరిగా ముందు పంపిస్తారు. ఎవర్నీ దారి అడక్కూడదు. ఎక్కడైనా ఇటా అటా అని రవ్వంత సందేహం కలిగితే, అక్కడ ఒక ఇంటూ మార్కు పెట్టి, తోచినవైపు సాగిపోవాలి. కాసేపాగి రంగు డబ్బాతో పెద్దాయనా, కుంచెలతో కోడలూ వెనకాల బయలుదేరతారు. సుద్ద కనిపించిన చోట బాణం నీరసించిందని అర్థం. దానికి అప్పటికప్పుడే వైద్యం చేస్తారు.

కొత్త మనిషి దొరకడమే ఏటికేడూ గగనమైపోతోంది. ఊళ్ళో ప్రతివాడూ ఆ దారిలో ఒకసారైనా నడిచినవాడే. ఈ ఏడు వెతగ్గా వెతగ్గా మిగిలింది ఒక్కడు, కిందటి వానాకాలంలో వచ్చి పెద్దాయన ఉండే వీధి చివర కళ్ళజోళ్ళ షాపు పెట్టినతను. షాపే లోకంగా బతికే మనిషి, ఇప్పటిదాకా రేవు గోడ దాటి ఎరగడు. అతనే మిగలాలా అని పెద్దాయన లోపల గొణుక్కున్నాడు. ఎందుకంటే మూడు వారాల కిందట కోడలు గిన్నెలు కడుగుతూ, వెనక్కి తిరగకుండానే ఒక మాట చెప్పింది.

"మావయ్యా, కళ్ళజోళ్ళ షాపాయన నన్ను పెళ్ళి చేసుకుంటానంటున్నారు. నాకూ ఇష్టమే. కానీ మీరు సరే అంటేనే. నా మొహం చూసి అనే సరే వద్దు, మీ మనసులోంచి రావాలి. రాలేదనుకోండి, ఈ మాట మళ్ళీ ఎత్తను. ఇలాగే ఉంటాను. ఇలా ఉండటంలో నాకేం బాధ లేదు."

"చూద్దాం" అన్నాడు పెద్దాయన. చూస్తూనే ఉన్నాడు.

కొడుకు పోయి ఐదేళ్ళు. గుండెలో ఏదో లోపముందని తెలిసిన వారంలోనే అంతా అయిపోయింది. బోర్డులు రాసే వర్క్‌షాపు పైన రెండు గదుల్లో మామా కోడలూ మిగిలారు. ఆమె రేవులో లాంచీ టికెట్ల కౌంటర్లో పని చేస్తుంది. పొద్దున్నే టీ ఆయన పెడతాడు. సాయంత్రం ఆమె ఇంటికొచ్చి, ఆయన గోళ్ళలో ఇరుక్కున్న రంగును కిరసనాయిల్లో ముంచిన గుడ్డతో తుడుస్తుంది. తుడుస్తూ, ఈ రోజు ఎవరి బోర్డు రాశారో చెప్పుకోండి చూద్దాం అన్నట్టు రంగు చూసి తనే చెప్పేస్తుంది. ఈ కాపురం ఇలాగే సాగిపోతుందని ఆయన అనుకోలేదు. సాగిపోదని కూడా అనుకోలేదు. అసలు ఆ జోలికే పోలేదు.

ఆమె పెళ్ళి మీద ఆయనకు కోపం లేదు. కళ్ళజోళ్ళతను చెడ్డవాడా అంటే, వాడి మీద వేలెత్తి చూపాలని ఆయన చేసిన ప్రయత్నాలన్నీ బెడిసికొట్టాయి. దూరమా అంటే నాలుగు గుమ్మాల అవతల. మరి నొప్పి ఎక్కడంటే, లోకంలో ఆయన్ని మావయ్యా అని పిలిచే గొంతు అదొక్కటే. ఆ పిలుపు కొడుకు తెచ్చి ఇంట్లో పెట్టింది. రేపు ఆమె ఇంకొకరి భార్య అయితే ఆయన ఆమెకు ఏమవుతాడు? బోర్డులు రాసే ముసలాయన. వీధిలో ఎదురైతే బాగున్నారా అండీ అని పలకరిస్తుంది. ఆ 'అండీ' తలుచుకుని ఆయన రాత్రిళ్ళు లేచి కూర్చుంటున్నాడు. డెబ్బై ఏళ్ళ మనిషి ఇంత చిన్నదానికి భయపడతాడా అంటే, భయపడతాడు. చెప్పుకుంటే నవ్వుతారనిపించే భయాలకే మందు దొరకదు.

ఆదివారం పొద్దున కళ్ళజోళ్ళతను చెప్పిన వేళకు వర్క్‌షాపు ముందు నిలబడ్డాడు. నలభై దాటిన మనిషి, సన్నగా, కొంచెం వంగినట్టుంటాడు. ఇస్త్రీ చొక్కా, నిగనిగలాడే బూట్లు.

"బూట్లు చూశావా అమ్మాయ్, మొహం చూసుకోవచ్చు" అన్నాడు పెద్దాయన, అతనికి వినబడేలాగే.

"అద్దాల వ్యాపారం కదండీ, అలవాటైపోయింది" అన్నాడతను.

కోడలు ఉడకబెట్టిన గుడ్లు సంచిలో సర్దుతున్న నెపంతో తల దించుకుంది. పెద్దాయనకూ నవ్వొచ్చింది గానీ మీసం కిందే అణిచేశాడు. సుద్దముక్క అతని అరచేతిలో పెట్టి, దారి మొదలు చూపించి, నియమాలు చెప్పాడు.

"సందేహం వస్తే సుద్ద. సిగ్గుపడొద్దు. దారి తెలీదని ఒప్పుకోవడానికి చాలామందికి తల తీసేసినట్టుంటుంది. అలాంటివాళ్ళు నాకు పనికిరారు."

"సందేహాలకు నా దగ్గర కొదవ లేదండీ. రోజంతా జనాన్ని 'ఇది బాగా కనిపిస్తోందా, అది బాగా కనిపిస్తోందా' అని అడుగుతూనే ఉంటాను."

అతను వెళ్తుంటే పెద్దాయన వెనకనుంచి చూశాడు. మనసులో ఒక మూల పాడుకోరిక ఒకటి తోక ఆడించింది. వీడు దారి తప్పి ఏ గొర్రెల మందలోనో తేలి, నలుగురిలో నవ్వులపాలైతే ఎంత బాగుంటుంది. అప్పుడు తను సరే అనలేదని ఎవరూ తప్పుపట్టరు. అంతలోనే తనమీద తనకే అసహ్యమేసి, గట్టిగా దగ్గి, రంగు కలపడానికి లోపలికి పోయాడు.

ఎండ గోడమీదికెక్కాక మామా కోడలూ బయలుదేరారు. రేవు గోడ పక్కన బోర్లించిన పడవలు, తారు వాసన. ఆదివారం కావడంతో పడవలు కట్టే షెడ్డులో సుత్తుల చప్పుడు లేదు. మొదటి ఇంటూ మార్కు అక్కడే కనిపించింది. ఎవరో ఖాళీ చేపల పెట్టెలు పేర్చి బాణాన్ని మూసేశారు. పెట్టెలు జరిపి ముందుకు పోయారు. రెండోది పచ్చిక మొదట్లో గేటు దగ్గర. అక్కడ గుంజ మీద బాణం కొత్త పెళ్ళికూతురిలా మెరిసిపోతోంది.

"ఇంత బాణం పెట్టుకుని సందేహమేమిటి ఈయనకి? ముందు తన కళ్ళు పరీక్ష చేయించుకోమను."

కోడలు గేటును అటూ ఇటూ ఊపి చూసింది. "గేటు పూర్తిగా తీసి ఉంటే తలుపు వచ్చి బాణాన్ని కప్పేస్తోంది మావయ్యా. ఆయన వచ్చేసరికి తీసి ఉండుంటుంది."

పెద్దాయన తనూ ఊపి చూశాడు. నిజమే. ఇన్నేళ్ళలో ఈ సంగతి ఒక్కరూ చెప్పలేదు. "పర్లేదు, మనిషి నిజాయితీపరుడే" అనేశాడు. అన్నాక నాలుక కరుచుకున్నాడు. కోడలు వినలేదన్నట్టు డబ్బా మూత బిగించసాగింది. ఆ మూత అప్పటికే బిగించి ఉంది.

గుంజకు రెండోవైపు ఇంకో బాణం వేసి నడిచారు. గాలి ఉప్పుగా, చల్లగా వీస్తోంది. కింద అలలు ఒడ్డును తడుముతున్నాయి. పచ్చికలో చిన్న చిన్న తెల్ల పూలు. పల్లం దిగాక దారి చీలే చోటు వచ్చింది. వెడల్పాటి బండిబాట నేరుగా ఉప్పుటేటి వైపు దిగిపోతుంది. నడకదారి మాత్రం అక్కడ ఎడంపక్కకు తిరిగి, ముళ్ళపొదల మధ్యనుంచి సన్నగా మిట్ట ఎక్కుతుంది. ఆ మలుపులో నడుమెత్తు నల్లరాయి. దాని మీద బాణం పెద్దాయన వేసింది కాదు, కొడుకు వేసింది.

పెళ్ళికి ముందు కొడుకు ఆమెను మొదటిసారి తండ్రికి చూపించడానికి తీసుకొచ్చింది ఇలాంటి ఆదివారం నాడే. ఆ ఏడు ఆమే కొత్త మనిషి. చీటికీమాటికీ మార్కు పెట్టి సుద్ద అంతా అరగదీసింది. ఈ చీలిక దగ్గరికి వచ్చేసరికి గాలికి గుంజ పడిపోయి, బాణం గడ్డిలో ఆకాశం చూస్తోంది. పాపం, ఆ పిల్ల ఎటూ పోలేక ఇక్కడే కూర్చుండిపోయింది. కొడుకు వచ్చి, ఆమె చూస్తుండగానే రాతి మీద ఒక బాణం గీశాడు. ఆమె పొట్టి కనక, ఆమె చూపు తగిలే ఎత్తులో వేశాడు. కంగారులో మొన లావుగా వచ్చింది. "బాణమట్రా అది? చేపలా ఉంది" అన్నాడు తండ్రి. "చేపైతేనేం నాన్నా, దారి చెబుతుందిగా" అన్నాడు కొడుకు. ఆమె అలా నవ్వడం పెద్దాయన అప్పుడే మొదటిసారి విన్నాడు.

కొడుకు పోయాక దారిలో బాణాలన్నిటికీ ఏటా రంగు పడుతూనే ఉంది, ఆ ఒక్కదానికి తప్ప. దాని మీద తన కుంచె పెట్టడానికి పెద్దాయనకు చెయ్యి రాలేదు. వచ్చినప్పుడల్లా రాయి దగ్గర ఆగి, తడిగుడ్డతో దుమ్ము తుడుస్తాడు. కోడలు పక్కన నిలబడుతుంది. ఈ రోజూ అంతే. ఆయన తుడిచాడు, ఆమె చూసింది. లావుపాటి మొనతో పసుపు బాణం వాళ్ళకు నిన్న వేసినట్టే ఉంది. నేల మీద సుద్ద మార్కు లేదు.

"ఇక్కడ ఆగలేదన్నమాట. చురుకే" అన్నాడు పెద్దాయన, మిట్ట ఎక్కుతూ.

ఆ తర్వాత ఎక్కడా మార్కు లేదు. మొదట ఆయన పొంగిపోయాడు, తన బాణాల ప్రతాపమని. తోట గోడ దాకా వచ్చారు. అక్కడ గోడకు పక్కపక్కనే మూడు సందులుంటాయి. ఎంత మొనగాడైనా అక్కడ నిలబడి తల గోక్కోవలసిందే. అక్కడా సుద్ద లేదు. కోడలు ఆగిపోయింది.

"ఇక్కడ నేను రెండు మార్కులు పెట్టాను మావయ్యా."

"అయితే నీకంటే తెలివైనవాడేమో."

"కారు" అంది ఆమె, ఏమాత్రం తడుముకోకుండా.

లైట్‌హౌస్ కింద టీ అమ్మే ఆవిడ అప్పుడే పొయ్యి వెలిగిస్తోంది. "పొద్దుట్నించి నరపురుగు రాలేదు, మీరే బోణీ" అంది. పెద్దాయన సముద్రం వైపు తిరిగాడు. పోటు ఎక్కుతోంది. ఉప్పుటేటిలో పోటు నీళ్ళు ముందునుంచి రావు, మనం చూడని వైపునుంచి వచ్చి వెనక దారిని కమ్మేస్తాయి. ఊళ్ళో పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతి అది. కళ్ళజోళ్ళతనికి తెలిసే వీలు లేదు. తథాస్తు దేవతలకు ఈ రోజు వేరే పని దొరకలేదు కాబోలు అనుకున్నాడాయన. కోడలు అప్పటికే సగం మిట్ట దిగిపోయింది.

మిట్ట దిగే మలుపులోంచి చూస్తే కింద ఉప్పుటేరు మొత్తం కనిపించింది. బురద మధ్య ఎప్పటిదో పాడుబడ్డ బల్లకట్టు ఉంది. చుట్టూ నీళ్ళు మెరుస్తున్నాయి. దాని మీద తెల్ల చొక్కా ఒకటి.

"నువ్వు ఒడ్డునే ఉండు. ఈ బురద ఎక్కడ గట్టో ఎక్కడ మెత్తనో నాకు తెలుసు" అన్నాడు పెద్దాయన, చెప్పులు విడుస్తూ.

"మావయ్యా, మీ వయసేంటి, ఈ పనేంటి..."

"వయసుకి బురద తెలీదా ఏంటి? ఉండు."

నీళ్ళు మోకాళ్ళు దాటి తొడల దాకా వచ్చాయి. ఒక్కో అడుగూ పాదంతో తడుముకుంటూ వెళ్ళాడు. కళ్ళజోళ్ళతను బూట్లు మెడకు వేలాడేసుకుని, బల్లకట్టు మీద నిటారుగా నిలబడి, అద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటున్నాడు.

"ఒక్క సందేహం కూడా రాలేదండీ. అదే వింత" అన్నాడు. "వచ్చేసరికి సుద్ద పెట్టడానికి నేల లేదు."

"చెయ్యి ఇవ్వు బాబూ. గట్టిగా పట్టుకో. నేను పెట్టిన చోటే కాలు పెట్టు" అన్నాడు పెద్దాయన. తను 'నువ్వు' అన్నట్టు కూడా ఆయన గమనించలేదు.

ఒడ్డుకు చేరేసరికి కోడలు నీళ్ళలోకి దిగిపోయి ఉంది. అతని చొక్కా చెయ్యి పట్టుకుని, బుద్ధుందా, నీళ్ళు కనబడ్డాక వెనక్కి తిరగొద్దా, ఊరందరికీ కళ్ళజోళ్ళు పెడతారు, మీకెవరు పెడతారని తిడుతూ, ఆ చొక్కా చేతినే పిండుతోంది. పిండిన చోటే మళ్ళీ మళ్ళీ పిండుతోంది. పెద్దాయన ఆమె మొహం చూశాడు. ఆ మొహం ఆయన ఇంతకుముందు ఒక్కసారే చూశాడు, ఆసుపత్రి వరండాలో. ఆ రోజు ఆయన చెయ్యగలిగింది ఏమీ లేకపోయింది. ఈ రోజు తొడల దాకా తడిసి నిలబడి, ఈ పిల్ల మళ్ళీ ఆ మొహం పెట్టుకోవలసి రాకూడదని గట్టిగా అనుకున్నాడు.

తిరిగి చీలిక దగ్గరికి వచ్చి కూలబడ్డారు. సంచిలోని ఫ్లాస్కులో టీ తాగాక పెద్దాయనకు ప్రాణం కుదుటపడింది. దాంతో పాటు రోషమూ లేచొచ్చింది.

"అన్నీ చూసుకుంటూ వచ్చినవాడివి ఇక్కడ బాణం చూసుకోలేదేం?"

"ఎక్కడండీ?"

"ఎక్కడేమిటి? ఇదిగో, ఎదురుగా, రాతి మీద."

కళ్ళజోళ్ళతను లేచి రాయి దగ్గరికెళ్ళాడు. వంగి చూశాడు. అద్దాలు తీసి చూశాడు, పెట్టుకుని చూశాడు. వేలితో తడిమాడు. వృత్తి విషయంలో అబద్ధం చెప్పడం చేతకాని మనిషి.

"లేదండీ" అన్నాడు.

"లేకపోవడమేంటి? పొద్దున కూడా తుడిచాను."

"మా షాపులో అక్షరాల బోర్డు ఉంటుంది కదండీ" అన్నాడతను మెల్లిగా. "ఏళ్ళ తరబడి కళ్ళు పరీక్ష చేయించుకుంటున్నవాళ్ళు కొందరు కింద వరస కూడా గడగడా చదివేస్తారు. చూపు బాగుండి కాదు. అది వాళ్ళకి నోటికొచ్చేసి ఉంటుంది. వాళ్ళు అబద్ధమాడుతున్నారని కాదు, నిజంగానే కనిపిస్తున్నట్టుంటుంది వాళ్ళకి. అప్పుడు నేను బోర్డు మారుస్తాను."

పెద్దాయన కోడలి వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు అమ్మాయ్. ఉందా లేదా?"

ఆమె రాయి వంక చూసింది. కళ్ళు నిండాయి.

"నాకు కనిపిస్తోంది మావయ్యా" అంది. "కానీ అక్కడ లేదు."

ఆయన మోకాళ్ళ మీద వంగి అరచెయ్యి రాతికి ఆనించాడు. నున్నటి రాయి. మూలన పగుల్లో మాత్రం గోటితో గీకితే వచ్చేంత పసుపు. ఎండా వానా కొంత తిన్నాయి. మిగతాది ఎవరు తిన్నారో పెయింటరుకు వేరే చెప్పాలా? ఉప్పుగాలికి పొడిబారిన రంగును ఏటా తడిగుడ్డ పెట్టి రుద్దితే ఏమవుతుందో ఆయన పనివాళ్ళకు పాఠం చెప్పేవాడు. అలాంటిది ప్రేమకొద్దీ తుడిచి తుడిచి, కొడుకు గీతను తన చేతులతోనే తుడిచేసుకున్నాడు. ఎప్పటినుంచి లేదో కూడా తెలీదు. తన బాణాలు తప్పుదారి పట్టించవని ఊరంతా చెప్పుకుంటూ తిరిగిన మనిషి, ఇక్కడ ఒకడి ప్రాణం మీదికి తెచ్చాడు.

ఆయన భుజాలు కదలడం చూసి కళ్ళజోళ్ళతను బెదిరిపోయాడు. కోడలు అతన్ని పక్కకు తీసుకెళ్ళి, ఆ బాణం ఎవరు వేశారో, ఎవరి కోసం వేశారో తక్కువ మాటల్లో చెప్పింది. అతను వెనక్కి వచ్చి, పెద్దాయన పక్కనే గడ్డిలో కూర్చున్నాడు.

కాసేపటికి పెద్దాయన ముక్కు చీది, డబ్బా మూత తీశాడు.

"ఉండనివ్వండి మావయ్యా" అంది కోడలు. "ఈ రాయిని ఇలాగే వదిలేద్దాం. పక్కన ఇంకో రాయి మీద వేయండి."

"ఇంకో రాయి ఇటువైపు లేదు. అటువైపు వేస్తే చూసేసరికి బండిబాటలో నాలుగడుగులు పడిపోతాయి. బాణం ఉండాల్సింది ఇక్కడే. వాడు చోటు సరిగ్గానే చూసుకున్నాడు."

"మీ చేత్తో దాని మీద..."

"ఏమీ లేనిదాని మీదే కదమ్మా వేస్తున్నది" అన్నాడు ఆయన. "కుంచె ఇయ్యి."

తుడవలేదు. ఉన్నపళాన కుంచె ముంచి, కుడినుంచి ఎడమకు ఒకే పట్టున గీశాడు. యాభై ఏళ్ళుగా గీసిన చెయ్యే, అయినా మొన లావుగా వచ్చింది. కావాలని తెచ్చాడో, అలా వచ్చిందో ఆయన చెప్పలేదు, వాళ్ళూ అడగలేదు. కుంచె ఆమెకు తిరిగి ఇస్తూ, రంగు వైపే చూస్తూ అన్నాడు.

"సరే అంటున్నాను."

"దేనికి మావయ్యా?"

"నువ్వు అడిగినదానికి. మనసులోంచే అంటున్నాను. బయటికి రావడానికి ఇంత టైము పట్టింది."

ఆమె అక్కడే చతికిలబడి, ఆయన మోకాలి మీద నుదురు ఆనించి ఏడ్చింది. పెద్దాయన ఆమె తల మీద చెయ్యి వేయబోయి, చేతికి రంగుందని మణికట్టుతో నిమిరాడు. అప్పుడు, ఇంక దాచుకోవడానికి ఏమీ మిగలనివాడిలా, అసలు మాట అడిగేశాడు.

"రేపు నన్ను ఏమని పిలుస్తావు?"

ఆమె తలెత్తి చూసింది. మూడు వారాలుగా ఆ 'చూద్దాం' వెనక దాక్కున్నది ఏమిటో ఆమెకు అప్పుడు తెలిసింది. కోపం కూడా వచ్చినట్టుంది.

"ఏమని పిలుస్తానంటే? ఇన్నాళ్ళూ ఏమని పిలిచానో అదే. పెళ్ళి చేసుకుంటున్నానన్నాను గానీ నోరు పడిపోయిందన్నానా? మీరు నాకు మావయ్య. మీ అబ్బాయి ఇచ్చారు, తీసుకున్నాను. దాన్ని వెనక్కి అడగడానికి ఎవరికీ హక్కు లేదు, మీక్కూడా."

"అయితే సరే" అన్నాడు ఆయన, చిన్నపిల్లాడిలా.

కళ్ళజోళ్ళతను గొంతు సవరించుకున్నాడు. "మరి నేను ఏమని పిలవాలో కూడా కాస్త చెబితే... పొద్దుట్నించీ అండీ అండీ అని ప్రాణం విసిగిపోయింది."

"ముందు ఆ బూట్లు తొడుక్కోవయ్యా. పిలుపుల సంగతి తర్వాత చూద్దాం" అన్నాడు పెద్దాయన. ఈసారి నవ్వు మీసం కింద ఆగలేదు.

రంగు ఆరేదాకా ఎవరో ఒకరు కాపలా ఉండాలి. లేకపోతే గొర్రెలు వచ్చి ఒళ్ళు రుద్దుకుంటాయి. తడి బట్టల్లో మీరొద్దు, నేనుంటానని కోడలు పట్టుబట్టింది. ఎండలో కూర్చుంటే ఆరిపోతాయి, ఈయనకు దారి మిగతాది చూపించు, పని సగంలో ఆపకూడదని ఆయన ఇద్దర్నీ తరిమేశాడు. వాళ్ళు ముళ్ళపొదల మధ్య ఒకరి వెనక ఒకరు ఎక్కి వెళ్ళారు. కోడలు రెండుసార్లు వెనక్కి చూసింది. రెండుసార్లూ ఆయన పొమ్మని చెయ్యి ఊపాడు.

వాళ్ళు మిట్ట దాటి కనుమరుగయ్యాక, పెద్దాయన రాయి పక్కన గడ్డిలో కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. ఐదేళ్ళుగా నోట పలకని కొడుకు పేరును బయటికి పలికాడు. పిలిచినట్టే పలికాడు.

"అమ్మాయి బాగానే ఉంటుందిరా" అన్నాడు. "నువ్వు దిగులు పెట్టుకోకు. నేను కూడా బాగానే ఉన్నాను."